వైఫై పవర్ ‘హై’లో పెట్టినా వెనక గదిలో నెట్ ఎందుకు నడవదు?

మూడు పడక గదుల ఫ్లాట్‌లో రెండు యాక్సెస్ పాయింట్లు (వైఫైని ప్రసారం చేసే పెట్టెలు) బిగించి, రెండింటి ట్రాన్స్‌మిట్ పవర్‌నూ, అంటే సిగ్నల్ పంపే బలాన్నీ, ‘హై’లో ఉంచారనీ, అయినా వెనక గదిలో సిగ్నల్ గీతలు నిండుగా కనబడుతూనే వీడియో కాల్ తెగిపోతోందనీ, ఏ ఛానల్, అంటే వైఫై నడిచే ఏ తరంగ మార్గం, పెట్టాలో చెప్పమనీ మీరు అడిగారు. ఛానల్ సంగతి తరువాత చూద్దాం. ముందు ఆ పవర్ తగ్గించండి.

ఈ మాట అన్నప్పుడల్లా ఎదుటివారు నన్ను అనుమానంగా చూస్తారు. విజయవాడ సమీపంలోని ఒక కళాశాల హాస్టల్‌లో వైఫై బాగుచేసే పని నాకు అప్పగించినప్పుడు, “డబ్బు పెట్టి కొన్న పవర్‌ను తగ్గించడమేమిటండీ?” అని అక్కడి వార్డెన్ గారు అడిగారు. కాంట్రాక్టరు ప్రతి అంతస్తులోనూ వరండా సీలింగుకు వరుసగా పెట్టెలు బిగించి, అన్నింటినీ గరిష్ఠ పవర్‌లో, పెట్టే తన ఛానల్‌ను ఎంచుకునే ‘ఆటో’లో వదిలి వెళ్లాడు. వరండా ఖాళీగా ఉంటుంది కనుక పెట్టెలన్నీ ఒకదాని గొంతు ఒకటి చక్కగా వింటాయి. గదిలోని ఫోన్ మాత్రం ఇటుక గోడనూ, ఇనుప బీరువానూ దాటి మాట్లాడాలి. చివరి గదిలో ఒక విద్యార్థి తన ఫోన్ చూపించాడు. సిగ్నల్ పూర్తిగా ఉంది, వాట్సాప్ సందేశం పక్కన గడియారం గుర్తు మాత్రం కదలడం లేదు. పెళ్లి పందిట్లో మైకు పట్టుకున్నవారి మాట అందరికీ వినబడుతుంది గానీ, చివరి వరుసలోని పెద్దాయన అడిగిన ప్రశ్న వేదిక మీదికి చేరదు. పెట్టె పవర్ పెంచితే ఫోన్ పవర్ పెరగదు. పైగా, దూరపు పెట్టె కూడా గట్టిగా వినబడుతున్నంతసేపు ఫోన్ దానినే పట్టుకొని వేలాడుతుంది. ఎప్పుడు మారాలో నిర్ణయించేది చాలావరకు ఫోనే.

అంతకన్నా విచిత్రమైనది కరెంటు పోయినప్పుడు చూశాను. జనరేటరు అందుకోగానే పెట్టెలన్నీ ఒకేసారి లేచి, ఒకేసారి చుట్టూ విని, ఎవరూ లేరనుకొని చాలావరకు ఒకే ఛానల్‌లో కూర్చున్నాయి. ‘ఆటో’ మీద నాకు నమ్మకం పోయింది ఆ రాత్రే. అది చాలదన్నట్టు, విద్యార్థులకొక పేరు, సిబ్బందికొక పేరు, అతిథులకొక పేరు అంటూ ఒక్కో పెట్టె మీద నాలుగు నెట్‌వర్క్ పేర్లు పెట్టారు. ప్రతి పేరూ సెకనుకు దాదాపు 10 సార్లు తన ఉనికిని చాటుకుంటుంది. పాత పరికరాల కోసమని ఆ చాటింపును సెకనుకు 1 మెగాబిట్ వేగంతో పంపుతుంటే, గాలిలో ఎంత సమయం దానికే ఖర్చయిపోతుందో ఆలోచించండి.

నేను చేసినది తక్కువే. పేర్లను రెండుకు కుదించి, 1, 2, 5.5, 11 మెగాబిట్ల పాత వేగాలను తీసివేశాను. ఒకటి విడిచి ఒకటి చొప్పున పెట్టెలలో, ఉన్న రెండు తరంగ పట్టీలలో ఒకటైన 2.4 గిగాహెర్ట్జ్ రేడియోను పూర్తిగా ఆపి, మిగిలినవాటిని 20 మెగాహెర్ట్జ్ ఛానల్ వెడల్పుతో, ఒకదాని మీద ఒకటి పడని 1, 6, 11 ఛానళ్లకు పంచి, పవర్‌ను 11 డీబీఎంకు (డీబీఎం అంటే సిగ్నల్ పవర్‌కు కొలత) దించాను. రెండో పట్టీ అయిన 5 గిగాహెర్ట్జ్‌లో 40 మెగాహెర్ట్జ్ వెడల్పు, 17 డీబీఎం ఉంచాను. ప్రతి 3 డీబీ తగ్గింపుకు పవర్ సగమవుతుంది కనుక 20 నుంచి 17కు దించితే 100 మిల్లీవాట్లు 50 అవుతాయి. వినడానికి ఘోరంగా ఉన్నా గదిలో తేడా తెలియదు. ఆ తరువాత వార్డెన్ గారికి ఫిర్యాదులు దాదాపు ఆగిపోయాయి.

మీ ఫ్లాట్‌కూ ఇదే వైద్యం. రెండు పెట్టెలకూ 2.4లో వేర్వేరుగా 1, 6, 11లలో ఏవైనా రెండు ఇవ్వండి. చుట్టుపక్కల వైఫైలను చూపే యాప్‌లో 3 లేదా 4 ఖాళీగా కనబడిందని అక్కడికి పోకండి. ఒకే ఛానల్‌లో ఉన్న పొరుగువారి రూటర్‌తో మీది వంతులు వేసుకొని మాట్లాడుతుంది. పొరుగువారి ఛానల్ మీద సగం పడే ఛానల్‌లో ఉంటే ఒకరి మాట మరొకరికి వట్టి రొద అవుతుంది. 13వ ఛానల్‌ను మనదేశంలో వాడవచ్చు గానీ, అమెరికా నుంచి అబ్బాయి తెచ్చిన ల్యాప్‌టాప్‌కు అది కనబడకపోవచ్చు, అక్కడ సాధారణంగా వాడేది 11 వరకే. 2.4 పవర్‌ను 5 గిగాహెర్ట్జ్ కన్నా 6 డీబీ తక్కువలో ఉంచితే ఫోన్లు వాటంతటవే 5 వైపు మొగ్గుతాయి.

5 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికి 36, మరొకదానికి 149 పెట్టండి. 52 నుంచి 144 వరకు ఉన్న ఛానళ్లు రాడార్లతో పంచుకునేవి. రాడార్ వినబడితే పెట్టె వెంటనే ఖాళీ చేసి 30 నిమిషాల వరకు తిరిగి రాకూడదు. ఛానల్ వెడల్పు 160 మెగాహెర్ట్జ్ పెట్టి వేగ పరీక్ష ఫోటోలు పంచుకునే సరదా ఉంటే తప్ప అది అపార్ట్‌మెంట్లకు పనికిరాదు. వెడల్పు రెట్టింపైన ప్రతిసారీ లోపలికి వచ్చే రొద కూడా రెట్టింపవుతుంది.

ఇంకొక సంగతి, ఇది మీరు అడగలేదు. ఫైబర్ కంపెనీవారు టీవీ వెనక ఇరికించి వెళ్లిన పెట్టె కూడా తన సొంత వైఫైని ప్రసారం చేస్తూనే ఉండి ఉంటుంది. అంటే మీ ఇంట్లో రెండు కాదు, మూడు వైఫై పెట్టెలు పోట్లాడుకుంటున్నాయి. దాని అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగితే చాలామంది ఇవ్వరు కనుక, సర్వీసు మనిషి ఈసారి వచ్చినప్పుడు ఆయన చేతనే దాని వైఫైని ఆపించి, ఆగిందో లేదో మీ ఫోన్‌లో చూసుకున్న తరువాతే పంపించండి.