వాల్వు మూసినంత మాత్రాన సరిపోదు

ప్రశ్న: విశాఖ శివార్లలోని మా రసాయనాల ప్లాంటు విస్తరణకు పర్యావరణ అనుమతి ఇంకా రాలేదు. ఈలోగా పునాదులు తవ్వొచ్చా? పాత ట్యాంకులోకి మనిషిని దించడానికి వాల్వు మూస్తే చాలదా?

జవాబు: తవ్వకూడదు. 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం అనుమతికి ముందు స్థలానికి రక్షణగా కంచె వేసుకోవచ్చు, అంతే. ఉత్పత్తికి కాలుష్య నియంత్రణ మండలి సీఎఫ్‌ఓ (నడపడానికి ఇచ్చే సమ్మతి) కూడా కావాలి.

అసలు భయం ట్యాంకులోకి దిగడంతోనే. వాల్వు సీటు (మూసినప్పుడు బిగుసుకునే భాగం) అరిగితే గొట్టంలోని నైట్రోజన్ ట్యాంకులోకి కారుతూ ఆక్సిజన్‌ను తోసేస్తూనే ఉంటుంది. వాసనుండదు, మనిషి ఉన్నపళంగా కూలిపోతాడు. ఫ్లాంజి (గొట్టాల బోల్టుల అతుకు) విప్పి, దారి పూర్తిగా మూసేసే బ్లైండు ప్లేటు బిగించండి, తీయొద్దని హెచ్చరిక ట్యాగు కట్టండి. ఆక్సిజన్‌ను పైన, మధ్యన, అడుగున కొలవండి, 19.5 శాతానికి తగ్గితే దిగొద్దు. మ్యాన్‌హోల్ దగ్గరి కాపలా మనిషి టీకి కూడా కదలకూడదు. మనిషిని పైనుంచే లాగేందుకు ట్రైపాడు (మూడు కాళ్ల స్టాండు), లైఫ్‌లైను (నడుముకు కట్టే తాడు) ముందే బిగించి ఉంచండి. కాపాడబోయి దూకినవాడూ అక్కడే పడతాడు.