డ్రైవర్ కంపైల్ కావడం లేదా? మొదటి ఎర్రర్ ఏమిటో చూడండి

కంప్యూటర్ సందేహాల శీర్షికకు ఈసారి తిరుపతి, చిత్తూరు ప్రాంతాల నుంచి వచ్చిన మూడు ఉత్తరాలు ఒకే అంశం చుట్టూ ఉన్నాయి. లినక్స్ కొత్తగా వేసుకున్నవారు వైఫై డ్రైవర్‌ను (పరికరాన్ని నడిపే ప్రోగ్రామును) తామే కంపైల్ చేసుకోవలసి, అంటే దాని సోర్సు కోడ్‌ను కంప్యూటర్ నడపగల రూపంలోకి మార్చుకోవలసి వచ్చినప్పుడు పడే ఇబ్బంది ఇది. అందుకే మిగిలిన ప్రశ్నలను పక్కన పెట్టి వీటికే సమాధానం ఇస్తున్నాము. ఆదేశాలను పలికే తీరులో తెలుగులో ఇచ్చాము. టెర్మినల్‌లో (ఆదేశాలు రాసే కిటికీలో) వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాలతో టైపు చేయాలి.

ప్రశ్న: నేను తిరుపతిలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతూ కొర్లగుంటలో గది అద్దెకు తీసుకుని ఉంటున్నాను. నా పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ బాగా నెమ్మదించడంతో లినక్స్ మింట్ 21 వేసుకున్నాను. లోపలి వైఫై చెడిపోయినందువల్ల ఒక యూఎస్‌బీ వైఫై డాంగిల్ కొన్నాను. దానితోపాటు వచ్చిన సీడీలోని డ్రైవర్ సోర్సును మిత్రుడి కంప్యూటర్‌లో పెన్‌డ్రైవ్‌కు ఎక్కించుకుని, పెన్‌డ్రైవ్‌లోనే ‘మేక్’ ఆదేశం ఇచ్చాను. తెర నిండా ఏవేవో వరుసలు వచ్చి చివర ‘మేక్: ఎర్రర్ 2’ అని ఆగిపోతోంది. పైన ఒకచోట లిబ్, మాడ్యూల్స్, 5.15 అంకెలు, బిల్డ్ అన్న దారి చూపి ‘నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ’ అంటోంది. ఆ బిల్డ్ ఫోల్డర్‌ను నేనే సృష్టించి చూసినా ఫలితం లేదు. డాంగిల్ పాడైందంటారా?

జవాబు: డాంగిల్ పాడైందనడానికి మీ ఉత్తరంలో ఒక్క ఆధారమూ లేదు. కంపైల్ చేసే సమయంలో డాంగిల్‌తో పని ఉండదు. దాన్ని తీసి బల్లమీద పెట్టినా డ్రైవర్ కంపైల్ అవుతుంది. మీరు చివరి వరుస చూసి కంగారుపడ్డారు గాని, ‘ఎర్రర్ 2’ అన్నదానికి తాను అప్పగించిన పని ఎక్కడో విఫలమైందని మేక్ చెప్పడం కంటే వేరే అర్థం లేదు. అసలు కారణం ఎప్పుడూ మొదటి ఎర్రర్‌లో ఉంటుంది; దాని కింద వచ్చేవన్నీ చాలావరకు దాని పర్యవసానాలే. టెర్మినల్‌లో వచ్చినదంతా టెక్స్ట్ ఎడిటర్‌లో అతికించి, పైనుంచి ‘ఎర్రర్’ అన్న మాట కోసం, మేక్ తన ఎర్రర్ వరుసల్లో పెట్టే మూడు నక్షత్ర గుర్తుల (***) కోసం వెతికి, మొట్టమొదట దొరికిన వరుసను నింపాదిగా చదవండి. మీ విషయంలో ఆ వరుసను మీరే గుర్తించి రాశారు. సగం పని అయినట్టే.

బిల్డ్ అనేది మామూలు ఫోల్డర్ కాదు, కెర్నల్ (లినక్స్ కేంద్రభాగం) హెడర్లు ఉన్న చోటికి చూపే లింకు. డ్రైవర్ మాడ్యూల్ కెర్నల్‌లో అంతర్భాగంగా పనిచేస్తుంది కాబట్టి, కెర్నల్‌లోని నిర్మాణాలు ఎలా ఉన్నాయో, ఏ ఫంక్షన్‌కు ఏమేం అందించాలో కంపైలర్‌కు ముందుగా తెలియాలి. ఒంటి కొలతలు లేకుండా దర్జీ జాకెట్టు కుట్టలేడు. హెడర్లు అలాంటి కొలతలే. వేరే కెర్నల్ హెడర్లు పనికిరావు, సరిగ్గా ఇప్పుడు నడుస్తున్న కెర్నల్‌వే కావాలి. తేడా ఉంటే, కంపైల్ అయినా లోడ్ చేసేటప్పుడు ‘ఇన్‌వాలిడ్ మాడ్యూల్ ఫార్మాట్’ అని కెర్నల్ తిప్పికొడుతుంది.

ముందుగా, మీరు చేతితో సృష్టించిన బిల్డ్ ఫోల్డర్‌ను తప్పక తొలగించండి. ఆ పేరుతో నిజమైన ఫోల్డర్ ఉంటే, హెడర్ల ప్యాకేజీ వేసినా దాని స్థానంలో లింకు ఏర్పడదు. మీ మింట్ కూడా చేరిన డెబియన్ కుటుంబంలోని ప్యాకేజీ వ్యవస్థ ఉన్న ఫోల్డర్‌ను తీసేసి లింకు పెట్టదు. అప్పుడు హెడర్లు వేసిన తరువాత కూడా ఎర్రర్లు ఆగక, కారణం అంతుపట్టక మీరు మరింత చికాకు పడతారు.

తరువాత ఇంటర్నెట్. వైఫై లేనివారికి వైఫై డ్రైవర్ కోసం ఇంటర్నెట్ కావలసి రావడం మొదట దారి మూసుకుపోయినట్టు అనిపిస్తుంది గాని, మీ ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపి, ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే సరిపోతుంది. దానికి కావలసిన డ్రైవర్లు కెర్నల్‌తోనే వస్తాయి. చాలా ఫోన్లలో ఫోన్ పట్టుకున్న వైఫైని కూడా ఇలాగే కేబుల్ ద్వారా అందించవచ్చు కాబట్టి, మొబైల్ డేటా అయిపోతుందన్న బెంగ ఉంటే కాలేజీలో కూర్చుని ఈ పని చేసుకోండి.

కనెక్షన్ వచ్చాక ‘సుడో ఆప్ట్ అప్‌డేట్’ ఇచ్చి, ఆ తరువాత ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్’ వెంట బిల్డ్-ఎసెన్షియల్, డీకేఎంఎస్, లినక్స్-హెడర్స్-జెనరిక్ అన్న మూడు పేర్లు రాసి ఎంటర్ కొట్టండి. వీటిలో మొదటిది కంపైల్ సాధనాలు, రెండోది కెర్నల్ మారినప్పుడు డ్రైవర్‌ను మళ్లీ కంపైల్ చేసే సాధనం, మూడోది హెడర్లు. ఆపైన ఒకసారి రీస్టార్ట్ చేయండి. ఇది మొక్కుబడి సలహా కాదు. అప్‌డేట్‌లో కొత్త కెర్నల్ వచ్చి కూర్చున్నా, రీస్టార్ట్ చేసేదాకా నడిచేది పాతదే. హెడర్లేమో కొత్తదానివి వస్తాయి. నడుస్తున్నది ఏదో ‘యునేమ్’ తరువాత ఖాళీ, హైఫన్, ‘ఆర్’ కొడితే తెలుస్తుంది. ఆ అంకెలు, యూఎస్‌ఆర్ (మూడే అక్షరాలు) ఫోల్డర్‌లోని ఎస్‌ఆర్‌సీ లోపల ఉన్న హెడర్ల పేరులోని అంకెలు చివరిదాకా ఒకటిగా ఉండాలి.

ఇంకో మాట. సోర్సును పెన్‌డ్రైవ్ మీద కంపైల్ చేయవద్దు. విండోస్ కోసం ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో లినక్స్ అనుమతులు, లింకులు నిలవవు. సోర్సును మీ హోమ్ ఫోల్డర్‌లోకి కాపీ చేసుకోండి. ఆ ఫోల్డర్ పేరులో ఖాళీలు ఉండకూడదు. ‘న్యూ ఫోల్డర్’ వంటి పేరులోని ఒక్క ఖాళీకే కెర్నల్ బిల్డ్ వ్యవస్థ ఆగిపోతుంది.

ఇవన్నీ చేశాక మళ్లీ ‘మేక్’ ఇస్తే ఆ పాత ఎర్రర్ పోతుంది. అయితే సీడీలోని సోర్సు పాతదైతే కొత్త ఎర్రర్ ఒకటి ఎదురయ్యే అవకాశం బాగా ఉంది. ‘ఇంప్లిసిట్ డిక్లరేషన్ ఆఫ్ ఫంక్షన్ ఇనిట్_టైమర్’ అని వస్తే, 2018 జనవరిలో వచ్చిన 4.15 కెర్నల్‌లోనే తీసేసిన ఫంక్షన్‌ను ఆ సోర్సు ఇంకా పిలుస్తోందన్నమాట. ‘ప్రోక్_క్రియేట్_డేటా’ పేరుతో పాటు ‘ఇన్‌కంపాటిబుల్ పాయింటర్ టైప్’ అని ఉంటే, అది 2020లో వచ్చిన 5.6 కెర్నల్‌కు ముందు రాసిన సోర్సు. కెర్నల్ లోపలి ఫంక్షన్లు ఇలా మారుతూనే ఉంటాయి. లోపలి అమరికను స్థిరంగా ఉంచుతామని కెర్నల్ రూపకర్తలు ఎన్నడూ హామీ ఇవ్వలేదు. కెర్నల్‌లోనే ఉన్న డ్రైవర్లను ఆ మార్పు చేసేవారే సరిచేస్తారు. బయట ఉండిపోయిన డ్రైవర్ మాత్రం ఎవరో పట్టించుకుంటే తప్ప పాతబడిపోతుంది. ఇలాంటి ఎర్రర్ చూసి, సి భాష రానివారు ఫైళ్లలో వరుసలు కొట్టేస్తూ పోవడం మంచిది కాదు. కొత్త సోర్సు వెతుక్కోవాలి, లేదా కంపైల్ అవసరమే లేని దారి చూడాలి.

నిజానికి మొదట అడగవలసిన ప్రశ్న, కంపైల్ అసలు అవసరమా అన్నదే. డాంగిల్ పెట్టి ‘ఎల్‌ఎస్‌యూఎస్‌బీ’ కొట్టండి. పెట్టె మీది పేరును నమ్మవద్దు. ఒకే మోడల్ పేరుతో వేర్వేరు విడతల్లో వేర్వేరు చిప్‌లు వస్తుంటాయి. అది చూపే ఐడీలో మొదటి భాగం ‘0బీడీఏ’ అయితే అది రియల్‌టెక్ చిప్. ‘0బీడీఏ:సీ811’ అని ఉంటే 8821సీయూ వర్గం. ‘0బీడీఏ:1ఏ2బీ’ అని ఉంటే డాంగిల్ ఇంకా తాను సీడీ డ్రైవ్‌నని చెప్పుకుంటోంది. విండోస్ డ్రైవర్‌ను తనలోనే మోసుకొచ్చే డాంగిళ్లు ఇలా చేస్తాయి. ఫైల్ మేనేజర్‌లో కనిపించే ఆ డిస్కును ఎజెక్ట్ చేస్తే సాధారణంగా వైఫైగా మారుతుంది. 8821సీయూకు డ్రైవర్ 2023 ఫిబ్రవరిలో విడుదలైన 6.2 కెర్నల్‌లో చేరింది. మీ 5.15 కెర్నల్‌లో లేదు, అందుకే మీకు ఇంత శ్రమ. మింట్ అప్‌డేట్ మేనేజర్‌లో వ్యూ మెనూ కింద లినక్స్ కెర్నల్స్ అని ఉంటుంది. అక్కడ 6.8 వరుస కనిపిస్తే దాన్ని వేసి రీస్టార్ట్ చేయండి. ఐడీ ‘0బీడీఏ:సీ811’ అయితే, సీడీని పక్కన పెట్టేయవచ్చు.

ప్రశ్న: చిత్తూరులో చిన్న నెట్ సెంటర్ నడుపుతున్నాను. ఒక కొత్త డెస్క్‌టాప్‌లో విండోస్ 11 పక్కనే ఉబుంటు 24.04 వేశాను. వైఫై డ్రైవర్ డీకేఎంఎస్‌తో ఏ ఎర్రరూ లేకుండా కంపైల్ అయింది. కాని దాన్ని లోడ్ చేయడానికి ‘మోడ్‌ప్రోబ్’ ఇస్తే ‘కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్’ అంటోంది. మధ్యలో ఒక పాస్‌వర్డ్ అడిగితే ఇచ్చాను. రీస్టార్ట్‌లో నీలిరంగు తెర వస్తే వైరస్ అనుకుని ‘కంటిన్యూ బూట్’ నొక్కాను.

జవాబు: అది వైరస్ కాదండీ, మీ సమాధానం ఆ తెరలోనే ఉంది. మీ కంప్యూటర్‌లో సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంది. ఆ స్థితిలో ఉబుంటు కెర్నల్, తనకు తెలిసిన సంతకం ఉన్న మాడ్యూల్‌ను మాత్రమే లోపలికి రానిస్తుంది. డీకేఎంఎస్ మీ డ్రైవర్‌పై సంతకం చేయడానికి మీ కంప్యూటర్‌లోనే ఒక కీ సృష్టించింది. ఆ కీని యజమాని స్వయంగా, కంప్యూటర్ ముందు కూర్చుని ఆమోదించాలని నిబంధన. లేకపోతే ఏ దొంగ ప్రోగ్రామైనా తన కీని తానే చేర్చుకోగలదు. ఆ ఆమోదం అడిగినది నీలితెర. మీరు దాటవేశారు కాబట్టి కీ చేరలేదు.

‘సుడో మోక్‌యుటిల్’ వెంట రెండు హైఫన్లతో ‘ఇంపోర్ట్’ అని రాసి, వార్ ఫోల్డర్‌లోని లిబ్, అందులోని షిమ్-సైన్డ్, అందులోని మోక్ ఫోల్డర్‌లో ఉన్న మోక్.డెర్ అనే ఫైలు దారి ఇవ్వండి. ఈ ఫైలు పేరులో చుక్కకు ముందున్న ‘మోక్’ మాత్రం పెద్ద అక్షరాలతో ఉండాలి. ఒక తాత్కాలిక పాస్‌వర్డ్ అడుగుతుంది. నీలితెరలో కీబోర్డు అమెరికన్ అమరికలో ఉంటుంది కాబట్టి ప్రత్యేక చిహ్నాలు లేకుండా అక్షరాలు, అంకెలు మాత్రమే పెట్టి, కాగితం మీద రాసుకోండి. రీస్టార్ట్ చేశాక పది సెకన్లలోపు ఏదో ఒక మీట నొక్కాలి, లేకపోతే ఆ తెర వెళ్లిపోతుంది. ‘ఎన్‌రోల్ మోక్’, ‘కంటిన్యూ’, ‘యెస్’ ఎంచుకుని, ఆ పాస్‌వర్డ్ ఇచ్చి రీబూట్ చేయండి.

సెక్యూర్ బూట్‌నే ఆపేయమని కొందరు సలహా ఇస్తారు. మీ దగ్గర విండోస్ కూడా ఉంది, పైగా పదిమంది వాడే యంత్రం కాబట్టి ఆ దారి వద్దని మా అభిప్రాయం. విండోస్ డ్రైవ్ బిట్‌లాకర్‌తో భద్రపరచి ఉంటే, సెక్యూర్ బూట్ మార్చినప్పుడు రికవరీ కీ అడగవచ్చు. ఆ కీ ఎక్కడుందో తెలియకపోతే మీ ఫైళ్లన్నీ చేతికందకుండా పోతాయి.

ప్రశ్న: నేను చంద్రగిరిలో ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయుడిని. నా ల్యాప్‌టాప్‌లో రియల్‌టెక్ 8821సీఈ వైఫై ఉంది. కొన్నేళ్ల క్రితం మా అబ్బాయి డ్రైవర్ కంపైల్ చేసి పెట్టి వెళ్లాడు. మింట్ 21.3లో కెర్నల్‌ను 6.5కు మార్చాక వైఫై పోయింది. డీకేఎంఎస్ ‘అన్‌రికగ్నైజ్డ్ కమాండ్-లైన్ ఆప్షన్’ అంటూ ‘ఎఫ్‌ట్రివియల్-ఆటో-వార్-ఇనిట్’ అన్న పొడవాటి మాట చూపిస్తోంది. అబ్బాయి ఊళ్లో లేడు.

జవాబు: మాస్టారూ, ముందు ఈ పూటకు వైఫై తిరిగి తెచ్చుకోండి. కంప్యూటర్ ఆన్ చేసేటప్పుడు షిఫ్ట్ మీట నొక్కి పట్టుకుంటే, కొన్ని యంత్రాలలో ఎస్కేప్ మీట నొక్కితే, గ్రబ్ మెనూ (ఏ కెర్నల్‌తో మొదలవాలో ఎంచుకునే తెర) వస్తుంది. అందులో ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’ కింద పాత 5.15 కెర్నల్ ఎంచుకుంటే వైఫై మునుపటిలాగే పనిచేస్తుంది.

ఇక ఎర్రర్ సంగతి. 6.5 కెర్నల్‌ను జీసీసీ అనే కంపైలర్ 12వ వెర్షన్‌తో నిర్మించారు. మీ మింట్‌లో మామూలుగా ఉండేది జీసీసీ 11. ఎర్రర్‌లో కనిపించే ఆ ఆప్షన్ 12లోనే కొత్తగా వచ్చింది, 11కు తెలియదు. ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ జీసీసీ-12’ చేస్తే ఈ ఎర్రర్ పోతుంది. అయితే మీ అబ్బాయి వేసిన సోర్సు పాతది కాబట్టి, ఆ వెంటనే మొదటి జవాబులో చెప్పిన తరహా ఎర్రర్లు మొదలుకావచ్చు. డీకేఎంఎస్ వాటిని తెరమీద పూర్తిగా చూపదు. వార్, లిబ్, డీకేఎంఎస్ ఫోల్డర్‌లో డ్రైవర్ పేరు, వెర్షన్, బిల్డ్ దాటి లోపలికి వెళ్తే మేక్.లాగ్ అనే ఫైలులో ఉంటాయి.

కాని మీరు అంతదూరం వెళ్లనక్కరలేదని మా అభిప్రాయం. 8821సీఈ డ్రైవర్ 5.9 నుంచి కెర్నల్‌లోనే ఉంది. ఉన్నా మీ వైఫై పనిచేయకపోవడానికి, అప్పట్లో బయటి డ్రైవర్‌తో తగవు పడకుండా మీ అబ్బాయి దాన్ని బ్లాక్‌లిస్ట్‌లో (లోడ్ చేయకూడని వాటి జాబితాలో) పెట్టి ఉండటమే కారణమై ఉండవచ్చు. ఈటీసీ ఫోల్డర్‌లోని మోడ్‌ప్రోబ్.డీ లోపలి ఫైళ్లలో ‘బ్లాక్‌లిస్ట్’ తరువాత ‘ఆర్‌టీడబ్ల్యూ88_8821సీఈ’ అన్న వరుస ఉందేమో చూడండి. ఉంటే దాని ముందు హ్యాష్ గుర్తు పెట్టి, ఫైలును సుడో అనుమతితో సేవ్ చేయండి. ‘డీకేఎంఎస్ స్టేటస్’ కొడితే పాత డ్రైవర్ పేరు, వెర్షన్ కనిపిస్తాయి. ‘సుడో డీకేఎంఎస్ రిమూవ్’ వెంట ఆ రెంటినీ మధ్యలో వాలుగీత (స్లాష్, /)తో కలిపి రాసి, చివర రెండు హైఫన్లతో ‘ఆల్’ చేర్చి దాన్ని తీసేయండి. తరువాత ‘సుడో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ -యు’ ఇచ్చి, 6.5తో రీస్టార్ట్ చేయండి. దీనివల్ల 5.15లోని పాత డ్రైవర్ కూడా పోతుంది గాని, ఆ కెర్నల్‌లోనూ సొంత డ్రైవర్ ఉంది కనుక నష్టం లేదు. అప్పటికీ వైఫై కనిపించకపోతే ‘సుడో డీమెసేజ్’ను ఇంగ్లీషులో డి, ఎం, ఇ, ఎస్, జి అని ఐదు అక్షరాలతో కొట్టి, ఆర్‌టీడబ్ల్యూ అని ఉన్న వరుసలను ఉన్నవి ఉన్నట్టు మాకు రాసి పంపండి.