నడుము పట్టేసిన మేనల్లుడికి

చిన్నా,

నువ్వు పంపిన వీడియో రాత్రి ఐదారుసార్లు చూశాను. "ఆ పిల్లాడు కూర్చుని లేవడం ఎన్నిసార్లు చూస్తారండీ" అని మీ అత్త విసుక్కుంది కూడా.

నడుము పట్టేసింది, ఇక స్క్వాట్ (భుజాల మీద బరువుతో కూర్చుని లేవడం) జోలికి పోనని రాశావు. మానెయ్యక్కర్లేదు గానీ ముందొక మాట. నొప్పి పిరుదులోంచి మోకాలు దాటి పిక్కలోకి లాగుతున్నా, పాదం తిమ్మిరెక్కుతున్నా ఈ ఉత్తరం పక్కన పెట్టి డాక్టరుకు చూపించుకో. మూత్రం పోయడంలో తేడా వచ్చినా, తొడల మధ్య స్పర్శ తగ్గినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. అలాంటివేమీ లేవు, నడుము దగ్గరే బిగుసుకుందంటే మిగతాది చదువు.

వీడియోను ఏడో సెకను దగ్గర ఆపు. అక్కడిదాకా నీ వెన్ను చక్కగానే ఉంది. తొడలు నేలకు సమంగా రావడానికి ఇంకా జానెడు ఉందనగా, కుక్క తోక ముడిచినట్టు పిరుదులు లోపలికి ముడుచుకున్నాయి. నడుము దగ్గరుండే సన్నటి వంపు పోయి గుండ్రంగా అయిపోయింది. కొద్దిపాటి ముడుచుకోవడం చాలామందికి ఉంటుంది, దానికి కంగారక్కర్లేదు. నీది కొద్దిపాటి కాదు. పైగా భుజాల మీద 60 కిలోలు. పదేసి చొప్పున నాలుగు సెట్లంటే, ఆ బరువు కింద నడుమును 40 సార్లు మడిచి విప్పావు. పట్టెయ్యక ఏం చేస్తుంది?

నీకు ఇది తెలియకపోవడానికి కారణం ఎదురుగా ఉన్న అద్దం. అద్దంలో ఛాతీ, మొహం కనిపిస్తాయి. నడుము కనిపించదు.

మీ తాతయ్య పొలం గట్టు మీద గొంతుక్కూర్చుని గంటసేపు కబుర్లు చెప్పేవారు, మడమలు నేలను వదిలేవి కావు. నువ్వు రోజుకి పది గంటలు కుర్చీలో, ఇంట్లో సోఫా మీద, చివరికి బాత్రూంలో కూడా కమోడ్ మీదే. చీలమండ ఆ మాత్రం వంగడం మర్చిపోయింది. చూసుకుంటావా? చెప్పుల్లేకుండా గోడకు ఎదురుగా ఒక మోకాలి మీద కూర్చో. ముందున్న పాదం బొటనవేలికీ గోడకూ మధ్య నాలుగు అంగుళాలు వదిలి, మడమ లేపకుండా మోకాలు గోడకు తాకించు. తాకకపోతే సగం జబ్బు అక్కడే ఉంది. కింద చీలమండ వంగకపోతే పైన నడుము వంగుతుంది.

దీనికి తోడు మీ ట్రైనరు "మోకాళ్లు కాలివేళ్లు దాటకూడదు" అన్నాడని రాశావు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. మోకాళ్లను ముందుకు పోనివ్వకపోతే పిరుదులు వెనక్కి పోతాయి, ఒళ్లు ముందుకు వాలుతుంది, భారమంతా నడుము మీద పడుతుంది. మన శ్రీకాకుళం అమ్మాయి కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో, బరువును ముందు భుజాల మీదికి, తర్వాత తల పైకి ఎత్తే క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది కదా. బార్ (బరువులు తగిలించే ఇనుప కడ్డీ) అందుకుని పూర్తిగా కిందికి కూర్చున్నప్పుడు ఏ లిఫ్టరు మోకాళ్లైనా వేళ్లు దాటే ఉంటాయి. ఆ లిఫ్టర్ల బూట్లకు ఎత్తు మడమ పెట్టేదే అందుకు. నువ్వు బూట్లు కొనక్కర్లేదు. జిమ్‌లో బార్‌కు తగిలించే చిన్న బరువు ప్లేట్లు రెండు మడమల కింద పెట్టుకో, తేడా మొదటి రెప్‌లోనే, అంటే ఒకసారి కూర్చుని లేవగానే తెలుస్తుంది. ఆ మెత్తటి రన్నింగ్ షూ మాత్రం విప్పెయ్, పరుపు మీద నిలబడి బరువెత్తినట్టుంటుంది.

ఇక ఊపిరి. వీడియోలో నువ్వు కిందికి దిగుతూ గాలి వదిలేస్తున్నావు. నిండు బియ్యం బస్తా ఎత్తేముందు మనకు తెలియకుండానే గాలి బిగబడతాం చూడు, అదే కావాలి. బార్ కింద నిలబడి పొట్టలోకి గాలి తీసుకో, ఛాతీలోకి కాదు. వేళ్లు పక్కల మీద పెట్టి చూస్తే పొట్ట ముందుకే కాదు, పక్కలకీ ఉబ్బాలి. ఎవరో పొట్టలో గుద్దబోతున్నట్టు బిగించి దిగు. లేచి కష్టమైన చోటు దాటాక వదులు. ప్రతి రెప్‌కీ కొత్త ఊపిరి. బీపీ ఉన్నవాళ్లు ఇలా బిగబట్టకూడదు, మీ నాన్నకు నేర్పకు.

నా సంగతి చెబుతాను, మీ అమ్మకు తెలుసు. ఇరవై ఏడేళ్ల వయసులో, విజయనగరంలో, పక్క కుర్రాడు 100 వేశాడని నేనూ వేశాను. నిన్నటిదాకా 80. వెనక నుంచి "ఇంకా కిందికి, ఇంకా కిందికి" అని ఒకటే కేకలు. దిగాను. లేచేటప్పుడు పిరుదులు ముందు లేచాయి, ఛాతీ అక్కడే ఉండిపోయింది. నడుములో ఏదో కలుక్కుమంది. వారం తర్వాత మీ పెద్దమ్మ పెళ్లిలో బంతి భోజనానికి కింద కూర్చోలేక, గోడకు ఆనుకుని నిలబడి తిన్నాను. ఇప్పటికీ ఎవరైనా "ఇంకా కిందికి" అంటే నాకు వినపడదు.

నువ్వు చేయాల్సింది ఇది. మామూలుగా నడువు, మంచం మాత్రం ఎక్కెయ్యకు. ఈ రెండు వారాలు బార్ ముట్టుకోకు. నొప్పి కాస్త సర్దుకున్నాక 8 కిలోల డంబెల్ గుండెకు ఆనించి పట్టుకుని, పాదాలు భుజాలంత వెడల్పు, వేళ్లు కొంచెం బయటికి తిప్పి కూర్చో. బరువు ముందుంటే ఒళ్లు దానంతటదే నిటారుగా ఉంటుంది. మోకాళ్లు వేళ్ల దిశలోనే పోవాలి. మడమ, బొటనవేలి మొదలు, చిటికెనవేలి మొదలు మూడూ నేలకు అతుక్కుని ఉండాలి. వెనక ఒక స్టూలు పెట్టుకో, నడుము ముడుచుకునే చోటికి రెండంగుళాలు పైన ఉండేలా. స్టూలు తగలగానే లే. వారం వారం చీలమండ వదులైతే స్టూలు ఎత్తు తగ్గించు. ఆ తర్వాత ఖాళీ బార్, అదే 20 కిలోలు. నడుముకు కట్టుకునే బెల్ట్ సంగతి అప్పుడే వద్దు.

ఇంకోటి, నిద్ర లేచిన అరగంటకే జిమ్‌కి పోతున్నావట. పొద్దున్నే వెన్ను బిగుసుకుని ఉంటుంది. స్క్వాట్ రోజున సాయంత్రం వెళ్లు.

ఆదివారం మళ్లీ వీడియో పంపు. ఫోను పక్కనుంచి, తుంటి ఎత్తులో పెట్టు. ఆ వదులు టీషర్టు లోపలికి దోపుకో, లేకపోతే నాకు నీ నడుము కాదు, గుడ్డే కనిపిస్తుంది.

మీ మావయ్య