అద్దం ముందు చెప్పుకునే మాటలు

ప్రశ్న: మా అమ్మాయికి పంతొమ్మిదేళ్లు. అతిగా తిని వెంటనే వాంతి చేసుకునే బులీమియాకు చికిత్స తీసుకుంటోంది. బంధువుల సలహాతో రోజూ అద్దం ముందు ‘నేను అందంగా ఉన్నాను’ అని చెప్పుకుంటోంది గానీ, ఆ తర్వాత ఏడుస్తోంది. మానిపించమంటారా?
- ఒక తల్లి, గుంటూరు

జవాబు: ఆ వాక్యాన్ని మానిపించండి, అలవాటును పూర్తిగా వదలనక్కరలేదు. ఆత్మగౌరవం తక్కువగా ఉన్నవారు తమ మనసు ఒప్పుకోని పొగడ్తను పదేపదే చెప్పుకుంటే మరింత కుంగిపోవచ్చని కెనడాలోని వాటర్‌లూ విశ్వవిద్యాలయానికి చెందిన జోయాన్ వుడ్ బృందం 2009లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది. పైగా అందాన్ని గురించిన మాట, మెచ్చుకోలే అయినా, ఆమె దృష్టిని తిరిగి శరీరం మీదికే మళ్లిస్తుంది. భోజనానికి కూర్చునే ముందు ‘భయంగానే ఉంది, అయినా ఈ పెరుగన్నం తింటాను’ అనీ, తిన్నాక ‘ఈ ఉబ్బరం కాసేపటికి తగ్గుతుంది’ అనీ, తాను నమ్మగలిగిన మాటలను ఆమే రాసుకోవాలి. మీరు రాసిస్తే అదొక హోంవర్కు అవుతుంది. భోజనమయ్యాక కాసేపు పక్కన కూర్చుని వేరే కబుర్లు చెప్పండి. ‘చిక్కావే’, ‘ఒళ్లు చేశావే’ అనే చుట్టాల పలకరింపులను మాత్రం మొహమాటం లేకుండా ఆపించండి.

ఈ మాటలు చికిత్సకు తోడే గానీ బదులు కావు. వాంతుల వల్ల రక్తంలో పొటాషియం తగ్గి గుండె లయ తప్పవచ్చు కనుక, దడ వచ్చినా, స్పృహ తప్పినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. మానసిక సహాయానికి ప్రభుత్వ ఉచిత టెలీ మానస్ నంబరు 14416, తెలుగులోనే మాట్లాడవచ్చు.