గేమ్ మీది, తాళంచెవి ఎవరిది? పాఠకుల ప్రశ్నలకి జవాబులు

పోయిన సంచికలో గేమ్ తయారుచేసే డెవలపర్లకీ, దాన్ని మార్కెట్లోకి తెచ్చి అమ్మే పబ్లిషర్లకీ మధ్య వచ్చే పేచీల గురించి మీ ప్రశ్నలు పంపమన్నాం, చాలానే వచ్చాయి. పేర్లు వద్దన్నారు కాబట్టి ఊళ్ళు మాత్రమే ఇస్తున్నాం.

ప్రశ్న: సార్, మేం నలుగురం బీటెక్ ఫ్రెండ్స్, రెండేళ్ళు కూర్చుని ఒక మొబైల్ గేమ్ చేసాం. ఒక పబ్లిషర్ వచ్చి నెట్ రెవెన్యూలో 40 శాతం మీకు అన్నారు, సంతకం పెట్టేసాం. పదకొండు నెలలైంది, డౌన్‌లోడ్లు బానే ఉన్నాయి, కానీ ఒక్క రూపాయి రాలేదు, ప్రతి నెలా స్టేట్‌మెంట్‌లో మైనస్సే. పోనీ గేమ్ వెనక్కి తీసుకుందాం అంటే ప్లే స్టోర్ అకౌంట్ వాళ్ళ పేరు మీద ఉంది. ఏం చెయ్యాలి? (కాకినాడ)

జవాబు: తమ్ముడూ, మీ ఉత్తరం చదువుతుంటే నా 2018 గుర్తొచ్చింది, ఆ ఏడాది నా మొదటి గేమ్‌కి ఇదే జరిగింది. ఆ పబ్లిషర్ పేరు ఇక్కడ రాయను గానీ వాళ్ళు పంపిన ఒక ఎక్సెల్ షీట్ ఇంకా నా దగ్గర ఉంది, అందులో లెక్క చెప్తా వినండి. ఆ నెల గేమ్‌లో వచ్చింది 1,84,000 రూపాయలు. స్టోర్ కమీషన్ 30 శాతం అంటే 55,200 పోయింది, మిగిలింది 1,28,800. దాని కింద "యూజర్ అక్విజిషన్" (కొత్తగా ఆడేవాళ్ళని తేవడానికి పెట్టే యాడ్స్ ఖర్చు) అని ఒకే ఒక్క లైన్, 1,71,500. అంతే, మైనస్ 42,700, అది వచ్చే నెల ఖాతాకి క్యారీ ఫార్వర్డ్. నాలుగు నెలలు అదే చూసి ఊరుకున్నా. ఐదో నెల ఆ ఒక్క లైన్ విడగొట్టి చూపించమని మెయిల్ పెడితే మూడు వారాల తర్వాత పంపారు. అందులో 60,000 "క్రాస్ ప్రమోషన్" అని ఉంది. అదేంటంటే వాళ్ళదే ఇంకో గేమ్‌లో నా గేమ్ యాడ్ చూపించి దానికి నాకు బిల్లు వేసారు. బయటకి పైసా పోలేదు, వాళ్ళ కుడి జేబులోంచి ఎడమ జేబులోకి వెళ్ళింది. ఆ 60,000 తీసేస్తే ఆ నెల 17,300 మిగులు, నా 40 శాతం 6,920 రూపాయలు. చిన్న మొత్తమే, కానీ మైనస్ కాదు కదా.

గుంటూరు మిర్చి యార్డులో రైతుకి ఇచ్చే పట్టీ చూసిన వాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. టిక్కీల లెక్క పైన బానే ఉంటుంది, కిందకొచ్చే కొద్దీ కమీషన్, హమాలీ, కాటా, తరుగు అంటూ తీసేస్తూ పోతే చివర్లో చేతికొచ్చేదే "నెట్". మీ 40 శాతం ఆ చివరి అంకె మీద. అందుకే 40 అన్నాడా 60 అన్నాడా అన్నదాని కన్నా ముందు ఏమేం తీసేస్తాడు, ఎంతవరకు తీసేస్తాడు అన్నది రాసి ఉండాలి. యాడ్స్ ఖర్చుకి నెలకి ఇంత అని ఒక గరిష్ఠం, అది దాటితే మీ లిఖితపూర్వక ఒప్పుకోలు, సొంత గేముల్లో వేసిన యాడ్‌కి బిల్లు లేదు. ఈ మూడూ అగ్రిమెంట్‌లో లేకపోతే శాతానికి విలువ లేదు.

ఇప్పుడు మీరు చెయ్యాల్సింది. ముందు కోపంతో ఫోన్ చెయ్యకండి, ఫోన్లో మాట్లాడిందానికి సాక్ష్యం ఉండదు, మెయిల్ పెట్టండి. పదకొండు నెలల యాడ్ నెట్‌వర్క్ ఇన్‌వాయిస్‌లు, స్టోర్ నుంచి డౌన్‌లోడ్ చేసిన అసలు రిపోర్టులు (వాళ్ళు టైప్ చేసింది కాదు) అడగండి. అగ్రిమెంట్‌లో ఆడిట్ క్లాజు (వాళ్ళ లెక్కలు మీరు తనిఖీ చేసుకోవచ్చన్న షరతు) ఉందేమో చూడండి, ఉంటే దాని నంబరు రాసి మరీ అడగండి. తర్వాత కాపీరైట్ సంగతి. మన దేశంలో కంప్యూటర్ ప్రోగ్రామ్ కూడా కాపీరైట్ చట్టం, 1957 కింద సాహిత్య రచన లెక్కే. దాన్ని ఇంకొకరికి రాసిచ్చేస్తే సెక్షన్ 19 వర్తిస్తుంది. రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎన్నేళ్ళు అని రాయకపోతే ఐదేళ్ళే, ఏ ప్రాంతం అని రాయకపోతే భారతదేశం వరకే. మీరు అసలు హక్కు రాసిచ్చారా, పబ్లిష్ చేసుకోడానికి లైసెన్స్ మాత్రమే ఇచ్చారా అన్నది ఆ కాగితంలో వెతకండి, మీ బేరం బలం అంతా అక్కడే ఉంది.

అకౌంట్ విషయం. ప్లే స్టోర్‌లో ఒక యాప్‌ని ఒక డెవలపర్ అకౌంట్ నుంచి ఇంకో దానికి ట్రాన్స్‌ఫర్ చెయ్యొచ్చు, యూజర్లు, రేటింగులు, రివ్యూలు అన్నీ దానితో పాటే వస్తాయి, కానీ ఆ రిక్వెస్ట్ ఇప్పుడు ఎవరి అకౌంట్‌లో ఉందో వాళ్ళే పెట్టాలి. వాళ్ళు పెట్టకపోతే మీరు కొత్త ప్యాకేజ్ పేరుతో (స్టోర్‌లో యాప్‌ని గుర్తుపట్టే ఐడీ) సున్నా నుంచి మొదలెట్టాలి, పదకొండు నెలల రివ్యూలు పోతాయి. అందుకని సెటిల్‌మెంట్‌కి కూర్చున్నప్పుడు డబ్బు కన్నా ముందు ట్రాన్స్‌ఫర్ అడగండి. నేను పాత బాకీ కొంత వదులుకుని యాప్ తెచ్చుకున్నా, ఆ నిర్ణయం ఇప్పటికీ సరైందే అనుకుంటున్నా.

ప్రశ్న: కంపెనీలు కంపెనీలు కొట్టుకుంటే ఆడేవాళ్ళకేం సంబంధం అండి? పబ్‌జీ పోయినప్పుడు మా హాస్టల్ అంతా ఏడ్చినంత పనైంది, కానీ అది గవర్నమెంట్ బ్యాన్ కదా. (వరంగల్)

జవాబు: బ్యాన్ గవర్నమెంట్‌దే, కానీ ఆ తర్వాత జరిగింది చూడండి. 2020 సెప్టెంబర్ 2న 118 యాప్‌లు బ్యాన్ అయ్యాయి, అందులో పబ్‌జీ మొబైల్ ఒకటి. అప్పట్లో ఇక్కడ దాన్ని నడుపుతున్నది చైనా కంపెనీ టెన్సెంట్, కానీ అసలు హక్కు కొరియా కంపెనీ క్రాఫ్టన్ వాళ్ళది, వారం తిరక్కుండానే ఆ కంపెనీ ఇండియా పబ్లిషింగ్ మాదే అని టెన్సెంట్ దగ్గర్నుంచి వెనక్కి తీసుకుంది. 2021 జూలైలో అదే క్రాఫ్టన్ పేరు మీద బీజీఎంఐగా (బాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) వచ్చింది. హక్కు పూర్తిగా పబ్లిషర్ చేతికి వెళ్ళిపోయి ఉంటే ఆ దారి ఉండేదే కాదు.

ప్రభుత్వం జోక్యమేమీ లేకుండా, పూర్తిగా వ్యాపార గొడవతో ఆడేవాళ్ళు నష్టపోయింది చైనాలో. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ చేసింది అమెరికా కంపెనీ బ్లిజార్డ్, చైనాలో నడిపింది ముందు ది నైన్, 2009 నుంచి నెట్‌ఈజ్. 2022 నవంబర్‌లో కొత్త ఒప్పందం మీద మాట కుదరలేదని ప్రకటించారు, 2023 జనవరి 23తో గడువు అయిపోయింది, సర్వర్లు ఆపేసారు. పదేళ్ళు పైన పెంచుకున్న క్యారెక్టర్లు ఉన్నవాళ్ళు, గిల్డ్‌లో (ఆటలో కలిసి ఆడే జట్టు) పరిచయమై పెళ్ళి చేసుకున్నవాళ్ళు కూడా ఆ రాత్రి చివరిసారి లాగిన్ అయి చూసుకున్నారు. క్యారెక్టర్ డేటా మీ కంప్యూటర్‌లో దాచుకోండి అని ఒక టూల్ ఇచ్చారు, అది తప్ప చేతిలో ఏం లేదు. 2024 ఏప్రిల్‌లో ఆ రెండు కంపెనీలూ మళ్ళీ కలిసాయి, ఆగస్టు 1న ఆట తెరుచుకుంది. ఏడాదిన్నర. కాబట్టి సంబంధం ఉందండి, ఆన్‌లైన్ గేమ్‌కి ఇల్లు ఆ సర్వరే.

ప్రశ్న: పబ్లిషర్ సోర్స్ కోడ్ (మేం రాసిన అసలు ప్రోగ్రామ్) కూడా ఇవ్వమంటున్నాడు, ఇవ్వకపోతే నెక్స్ట్ మైల్‌స్టోన్ (ఒక్కో దశ పని పూర్తయినప్పుడు ఇచ్చే) డబ్బు ఆపేస్తా అంటున్నాడు. ఇవ్వాలా? (తెలుగువాణ్ణే, బెంగళూరులో చిన్న స్టూడియో)

జవాబు: అగ్రిమెంట్‌లో లేకపోతే ఇవ్వక్కర్లేదు, ఉంటే ఎప్పుడు ఇవ్వాలో దాని ప్రకారమే. ఈ ప్రశ్నకి రెండు కథలు చెప్పాలి.

ఉక్రెయిన్‌లో ఫ్రాగ్‌వేర్స్ అని స్టూడియో ఉంది, వాళ్ళ ది సింకింగ్ సిటీ 2019 జూన్‌లో వచ్చింది, పబ్లిషర్ ఫ్రెంచ్ కంపెనీ, ఇప్పటి పేరు నాకన్. ఫ్రాగ్‌వేర్స్ చెప్పింది ఏంటంటే డబ్బులు ఆలస్యంగా వచ్చేవి, మా దగ్గర లేని హక్కు ఉన్నట్టు సోర్స్ కోడ్ అడిగారు, గేమ్ రిలీజ్ అయ్యాక ముందే ఒప్పుకున్న మైల్‌స్టోన్లు రద్దు అని లెటర్ పంపి రాయల్టీ లేదన్నారు అని. స్టూడియో కోర్టుకి వెళ్ళింది, 2020లో కాంట్రాక్ట్ రద్దు చేసుకుంటున్నాం అంది, గేమ్ చాలా స్టోర్లలోంచి మాయమైంది. అదే ఏడాది అక్టోబర్‌లో పారిస్ అప్పీల్ కోర్టు ఆ రద్దు చెల్లదు, కేసు తేలేదాకా ఒప్పందం నడవాలి అని చెప్పింది. 2021 ఫిబ్రవరిలో పబ్లిషర్ స్టీమ్‌లో (కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ స్టోర్) గేమ్ పెడితే, ఆ గేమ్ చేసిన వాళ్ళే బయటకొచ్చి "ఆ వెర్షన్ కొనకండి, అది మేం చేసి ఇచ్చింది కాదు" అని చెప్పుకోవాల్సి వచ్చింది. తను కన్నబిడ్డని కొనొద్దని చెప్పడం ఎంత కష్టమో కోడ్ రాసినవాడికి తెలుస్తుంది. హక్కులు పూర్తిగా వాళ్ళకి తిరిగొచ్చేసరికి 2024 వచ్చేసింది.

రెండోది కొరియా కథ, ఇది ఇంకా పాతది. లెజెండ్ ఆఫ్ మిర్ 2 అనే గేమ్‌ని వీమేడ్ అనే కొరియా కంపెనీ చేసింది, కాపీరైట్ యాక్టోజ్ అనే ఇంకో కొరియా కంపెనీతో ఉమ్మడి, చైనాలో 2001లో షాండా అనే అక్కడి పబ్లిషర్ నడిపింది, సూపర్ హిట్. 2002లో సోర్స్ కోడ్ యూరప్ సర్వర్ వైపు నుంచి బయటకి పొక్కింది, చైనా అంతా దొంగ సర్వర్లు పుట్టుకొచ్చాయి. దాంతో షాండా రాయల్టీ ఆపేసింది, పైగా 2003లో అదే తరహా సొంత గేమ్ దింపింది, వీమేడ్ కేసు వేసింది. ఆ తర్వాత షాండా ఏం చేసిందంటే 2004లో యాక్టోజ్‌లోనే వాటా కొనేసింది, దాదాపు 9 కోట్ల 17 లక్షల డాలర్లకి. అంటే ఇప్పుడు వీమేడ్‌తో ఉమ్మడి హక్కుదారు ఎవరు? గొడవ పడుతున్న పబ్లిషరే! పొలం తగాదాలో అవతలి వాడు మీ అన్నదమ్ముడి వాటా కొనేసుకున్నట్టు. ఇరవై ఏళ్ళు రకరకాల కోర్టులూ ఆర్బిట్రేషన్లూ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పులు) తిరిగి 2023 ఆగస్టులో వీమేడ్, యాక్టోజ్ మధ్య చైనా లైసెన్స్ కుదిరింది, ఐదేళ్ళకి 50,000 కోట్ల వోన్లు.

మీకు దీన్నుంచి పనికొచ్చేవి: కోడ్ ఇవ్వాల్సి వస్తే మూడో వ్యక్తి దగ్గర ఎస్క్రోలో (షరతు మీద భద్రంగా ఉంచే ఏర్పాటు) పెట్టండి, మీ కంపెనీ మూతపడితేనో అప్‌డేట్లు ఇవ్వడం మానేస్తేనో మాత్రమే పబ్లిషర్ తీసుకునేలా. ఇద్దరు పార్ట్‌నర్లు ఉంటే ఒకరి వాటా బయటివాళ్ళకి అమ్మే ముందు రెండో వాళ్ళని అడగాలన్న షరతు ఇవాళే రాసుకోండి. ఇక మైల్‌స్టోన్ డబ్బు ఆపడం గురించి, పబ్లిషర్ ఇక్కడి కంపెనీ అయితే, మీ చిన్న సంస్థకి పని మొదలెట్టక ముందే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకి ప్రభుత్వ నమోదు) ఉంటే 2006 ఎంఎస్ఎంఈ చట్టం (చిన్న పరిశ్రమల చట్టం) వాడుకోవచ్చు. పని అందుకున్నాక గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి, దాటితే బ్యాంక్ రేటుకి మూడు రెట్లు చొప్పున నెలనెలా చక్రవడ్డీ, ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చెయ్యొచ్చు. ఈ మాట ఒక మెయిల్‌లో మర్యాదగా రాస్తే చాలాసార్లు డబ్బు కదులుతుంది.

ప్రశ్న: రాయల్టీ వద్దు, రేటింగ్ బాగా వస్తే బోనస్ ఇస్తాం అంటున్నారు. మంచిదేనా? (డల్లాస్)

జవాబు: వద్దండి. 2010లో ఫాలౌట్ న్యూ వేగాస్ గేమ్ చేసిన అబ్సిడియన్ స్టూడియోకి రాయల్టీ లేదు, మెటాక్రిటిక్‌లో (రివ్యూల మార్కుల సగటు చూపించే వెబ్‌సైట్) 85 వస్తే బోనస్ అన్నారు, వచ్చింది 84. ఈ సంగతి ఆ స్టూడియోలో పనిచేసిన క్రిస్ అవెలోన్ 2012లో బయటపెట్టాడు. ఒక్క పాయింట్, అదీ వాళ్ళెవరూ రాయని రివ్యూల సగటు. అమ్మకాలకి ముడిపెట్టినా జాగ్రత్తే. సబ్నాటికా గేమ్ చేసిన స్టూడియోని క్రాఫ్టన్ 2021లో 50 కోట్ల డాలర్లకి కొని, టార్గెట్లు అందుకుంటే ఇంకో 25 కోట్ల దాకా ఇస్తానంది. 2025 జూలైలో రెండో భాగం విడుదలకి ముందు స్టూడియో పెద్దలు ముగ్గుర్నీ తీసేసింది, విడుదల 2026కి జరిపింది, వాళ్ళు డెలావేర్ కోర్టుకెక్కారు. బోనస్ తీసుకోవాల్సి వస్తే, రిలీజ్ తేదీ ఎవరి చేతిలో ఉంది అన్నది అదే పేరాలో రాయించుకోండి.

ప్రశ్న: లాయర్ ఫీజు కూడా లేదు సార్, అగ్రిమెంట్ ఎలా ఉండాలో ఎక్కడ చూడాలి? (కర్నూలు)

జవాబు: స్వీడన్ పబ్లిషర్ రా ఫ్యూరీ తన పబ్లిషింగ్ అగ్రిమెంట్‌ని 2021లో అందరికీ కనపడేలా వెబ్‌సైట్‌లో పెట్టింది, ఉచితం. అది దింపుకుని మీకొచ్చిన కాగితం పక్కన పెట్టి లైను లైనూ చూడండి, ఒక ఆదివారం పడుతుంది. తేడా ఉన్న చోట్ల పెన్సిల్‌తో గీసి, ఆ గీతల వరకే లాయర్‌ని అడగండి, ఫీజు కూడా తగ్గుతుంది.