అబ్బాయి వేషం మీద ఇంట్లో గొడవ

ప్రశ్న: మాది కావలి. మావారు దర్జీ. నెల్లూరులో ఇంజనీరింగ్ చదువుతున్న మా అబ్బాయి తల పక్కలు నున్నగా గొరిగించుకుని, పైన గుబురుగా వదిలి, బిగుతు జీన్స్ వేసుకుని వస్తున్నాడు. గడ్డం పెంచి, కుర్తా పైజామా వేసుకుంటేనే గడప తొక్కమన్నారు మావారు. రొట్టెల పండుగకు వచ్చే చుట్టాల ముందు తలెత్తుకోలేనని ఆయన బాధ. జుట్టుకు నల్లరంగు వేసుకునే మీరా నాకు చెప్పేది అని వాడు ఎదురు తిరిగాడు. మసీదులో ఒక పెద్దాయన అందరి ముందు మందలించాక జుమాకు (శుక్రవారం నమాజుకు) కూడా పోవడం లేదు. వాడి మెడలో మా అత్తగారు చేయించిన బంగారు గొలుసు ఉంది. దాని ఊసు ఎవరూ ఎత్తరు. నేనేం చేయాలి?

జవాబు: సోదరీ, అస్సలాము అలైకుం. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది మీ అబ్బాయి జుమా మానుకోవడం. మిగతావన్నీ దాని తర్వాతే. కాబట్టి జుట్టు ఎలా ఉన్నా సరే, ముందు వాడిని మసీదుకు తీసుకువెళ్లమని మీవారిని బతిమాలండి. ఆ పెద్దాయనతో ఆయనే విడిగా మాట్లాడి, పిల్లవాడిని సఫ్‌లో (నమాజు వరుసలో) నిలబెట్టి మందలించవద్దని కోరడం తండ్రిగా ఆయన బాధ్యత.

ఇక ధర్మం మాట. తలలో కొంత గొరిగి కొంత వదిలేయడాన్ని ప్రవక్త ముహమ్మద్ (స: ఆయనపై శాంతి కలుగుగాక) వారించారని ఆయన సహచరుడు ఇబ్నె ఉమర్ (ర: అల్లాహ్ ఆయన పట్ల ప్రసన్నుడగుగాక) ఉల్లేఖించారు. అలా ఉన్న ఒక పిల్లవాడిని చూసి, గొరిగితే అంతా గొరగండి, లేకపోతే అంతా ఉంచండి అన్నారు ప్రవక్త (స). కనుక ఈ విషయంలో మీవారి అభ్యంతరం సరైనదే. అయితే దీనికి పరిష్కారం సులువు: ఈసారి మంగలి షాపులో పక్కలకు బ్లేడు, జీరో మిషను పెట్టవద్దని, చుట్టూ సమంగా కత్తిరించమని చెబితే చాలు, వాడు ముచ్చటపడే చక్కదనం ఎక్కడికీ పోదు. మంచి బట్టలు, మంచి చెప్పులు ఇష్టపడటం గర్వమవుతుందా అని ఒకరు అడిగినప్పుడు, అల్లాహ్ సుందరుడు, ఆయన సౌందర్యాన్ని ప్రేమిస్తాడు, గర్వమంటే సత్యాన్ని తిరస్కరించడం, మనుషులను చిన్నచూపు చూడటం అని ప్రవక్త (స) బదులిచ్చారు. ఈ హదీసు (ప్రవక్త మాట) తండ్రీకొడుకులిద్దరూ కలిసి చదవదగినది.

కుర్తా పైజామా మనకు గౌరవమైన ఆచారమే గాని, ప్యాంటు నిషిద్ధం కాదు. పురుషుడికి నాభి నుంచి మోకాలి దాకా కప్పి ఉండాలి, బట్ట శరీరపు ఆకారాన్ని పట్టి చూపకూడదు. బిగుతు జీన్స్ మీద పొట్టి చొక్కా వేసుకుని నమాజులో నుదురు నేలకు ఆనించే సజ్దాలోకి వంగితే చొక్కా పైకి జరిగి నడుము కింది భాగం బయటపడుతుంది, ఇబ్బంది అక్కడుంది. మీవారు దర్జీయే కదా, వాడికి నచ్చిన రంగులో, వాడు అడిగిన కాలరుతో, కాస్త పొడుగు చొక్కా, వదులు ప్యాంటు తానే కుట్టి ఇవ్వమనండి.

గడ్డాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. హనఫీ ధర్మశాస్త్ర సంప్రదాయపు ఉలమాలో (పండితుల్లో) ఎక్కువమంది దాన్ని వాజిబ్‌గా (తప్పనిసరిగా) చెబుతారు. కానీ గడప మూసి పెంచిన గడ్డం కాలేజీకి పోగానే దిగిపోతుంది.

బంగారం విషయంలో సందిగ్ధం లేదు. పట్టు, బంగారం ముస్లిం సముదాయపు పురుషులకు నిషిద్ధం, స్త్రీలకు అనుమతి. ఆ గొలుసు ఇంట్లో ఆడపిల్లకు చేరవచ్చు, వాడికి వెండి ఉంగరం చేయించవచ్చు. ఈ మాట అత్తగారికి మీరు చెబితే వేరుగా ఉంటుంది, ఆమె కొడుకే చెప్పాలి.

నల్లరంగు గురించి వాడు అడిగిన తీరు తప్పే అయినా, విషయం ఉన్నదే. మక్కా విజయం నాడు ప్రవక్త సహచరుడు అబూబక్ర్ (ర) తండ్రి అబూ ఖుహాఫాను తెల్లటి తలతో తీసుకువచ్చినప్పుడు, దీన్ని మార్చండి, నలుపు మాత్రం వద్దు అన్నారు ప్రవక్త (స). దీన్ని ఆధారంగా చాలామంది పండితులు నలుపును అయిష్టమన్నారు, కొందరు నిషిద్ధమన్నారు. గోరింటాకు ఉండనే ఉంది. దీన్ని మీరు వాదనలో ఆయుధం చేయకండి. కొడుకు లేనప్పుడు, ఏకాంతంలో, ఈసారి నేనే గోరింటాకు నూరి పెడతాననండి. తండ్రి తల ఎర్రబడితే కొడుకు అడగకుండానే గమనిస్తాడు, చుట్టాలు వచ్చేలోగా ఇద్దరూ కలిసి మంగలి షాపుకు పోగలుగుతారు.