సముద్రంలో గాలిమరలు: రేవు, నౌక, కేబుల్

ప్రశ్న: సముద్రంలో గాలిమరలు పెట్టడానికి 2015లోనే జాతీయ విధానం వచ్చింది. 2030కి 30 గిగావాట్లని 2018లో ప్రకటించారు. పని ముందుకు సాగదేం? ముందు దేని మీద దృష్టి పెట్టాలి?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: లోటు గాలిది కాదు. రేవు, నౌక, కేబుల్ సిద్ధం కాకుండా టెండర్లు పిలిస్తే కంపెనీలు ధర చెప్పడానికే జంకుతాయి.

15 మెగావాట్ల టర్బైన్ రెక్క ఒక్కోటి సుమారు 115 మీటర్లు. లారీ మీద మలుపు తిరిగే వస్తువు కాదది. రేవు పక్కనే తయారవ్వాలి, లేదా ఓడలో దిగాలి. దాన్ని నిలబెట్టే మోనోపైల్ వెయ్యి టన్నులు దాటిన ఉక్కు గొట్టం. మామూలు బెర్తులు, అంటే రేవులో ఓడలు ఆగే గట్లు, ఇంత బరువు కోసం కట్టినవి కావు. అందుకే నేల గట్టిపరచాలి, పక్కనే ఎకరాల కొద్దీ ఖాళీ జాగా ఉంచాలి. 2024 జూన్‌లో కేంద్రం ఆమోదించిన 7,453 కోట్ల రూపాయల పథకంలో రెండు రేవులకు 600 కోట్లు కేటాయించడం సరైన నిర్ణయం. మిగతా 6,853 కోట్లు గుజరాత్, తమిళనాడుల్లో చెరి 500 మెగావాట్ల ప్రాజెక్టులకు.

ఇక నౌక. కాళ్లు సముద్రపు అడుగున ఆనించి, తన ఒంటిని నీటిపైకి ఎత్తుకుని నిలిచే జాకప్ నౌక కావాలి. ఒక్క 500 మెగావాట్ల కోసం దాన్ని విదేశాల నుంచి తెప్పిస్తే రానుపోను ఖర్చంతా యూనిట్ ధర మీదే పడుతుంది. ఏటేటా వరుసగా వేలాలు ఉంటాయని ముందే చెబితే ఆ నౌక ఇక్కడే ఉండిపోతుంది. మా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే.

ఒడ్డుకు లైను, సముద్రంలో సబ్‌స్టేషను కేంద్ర ప్రభుత్వ విద్యుత్ సరఫరా సంస్థ పవర్‌గ్రిడ్ బాధ్యత. మరలు లేచాక లైను రాకపోతే కరెంటు వృథా, కాబట్టి లైను కాంట్రాక్టు ముందే ఖరారవ్వాలి. కేబుల్‌ను మీటరు, రెండు మీటర్ల లోతున పూడ్చాలి. లేదంటే చేపల పడవల లంగర్లకు తగిలి తెగుతుంది.

స్థలం ఎంపికలో ఒక లెక్క మరువకూడదు: గాలిలోని శక్తి వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. సెకనుకు 7.5 మీటర్ల గాలి 10 మీటర్లయితే శక్తి రెండింతలు దాటుతుంది. కనీసం ఏడాది పాటు లైడార్‌తో (లేజర్ కిరణాలతో గాలి వేగం కొలిచే పరికరం) కొలవకుండా వేలానికి వెళ్లకూడదు.

ప్రశ్న: సముద్రమే లేని హైదరాబాద్‌కు దీనితో పనేంటి?
– ఒక విద్యార్థిని, మియాపూర్

జవాబు: కరెంటు జాతీయ గ్రిడ్‌లో వస్తుంది, సరే. అంతకంటే దగ్గరి సంబంధం ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం). అలల ఎత్తును ముందుగా చెప్పేది ఆ సంస్థే. పడవ నుంచి టవర్ నిచ్చెన మీదికి మనిషి అడుగు వేయాలంటే అల దాదాపు 1.5 మీటర్లు దాటకూడదు. నైరుతి రుతుపవనాల్లో గాలి జోరుగా వీస్తుంది, అలలూ అప్పుడే లేస్తాయి. బాగా సంపాదించే నెలల్లోనే యంత్రం అందదు. కాబట్టి నూనె మార్పు, బోల్టుల బిగింపు, విడిభాగాల నిల్వ మే లోపే ముగించాలి.

ప్రశ్న: విశాఖ తీరంలో పెట్టొచ్చా?

జవాబు: ఇప్పుడే వద్దు. అక్కడ ఖండతీరపు అంచు (ఒడ్డును ఆనుకుని లోతు తక్కువగా ఉండే సముద్రపు అడుగు) సన్నం, లోతు త్వరగా పెరుగుతుంది. 60 మీటర్లు దాటితే తేలే పునాదులే దిక్కు. స్కాట్లాండ్‌లో 2017లో 5 టర్బైన్లతో, 30 మెగావాట్లతో అలాంటిది మొదలైంది. ఖర్చు ఇంకా ఎక్కువే. పైగా 2014 హుద్‌హుద్ లాంటి తుపాను గాలిని తట్టుకునే తరగతి టర్బైన్లే కొనాలి.